జేమ్సుటౌను: మూడు మూలల కోట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, వర్జీనియా రాష్ట్రమున, జేమ్సు అను నది ప్రవహించుచున్నది. అది తూర్పుగా సాగి చెసపీక్ అఖాతమున కలియును. సముద్రమునకు కొంత ఎగువన, నది మిక్కిలి వెడల్పుగా పాఱు తావున, చిత్తడి నేలలు చుట్టుకొనియున్న చిన్న లంక యొకటి కలదు. 1607వ సంవత్సరము మే నెలలో మూడు ఓడలపై వచ్చిన 104 మంది ఇంగ్లీషు పురుషులును బాలురును ఆ లంకపై దిగి, చెట్లు నఱికి, కోట కట్టుకొనిరి. తమ రాజైన మొదటి జేమ్సు పేర దానికి జేమ్సుటౌను అని పేరిడిరి. అంతకు పూర్వము ఇంగ్లీషువారు అమెరికా గడ్డపై ఊరు నిలుపుటకు చేసిన ప్రయత్నములు విఫలమైనవి. వారు కట్టినవానిలో నిలిచిన మొదటి ఊరు ఇదియే.

నేడు జేమ్సుటౌను చూడబోవు యాత్రికునకు ఆ పేరుతో రెండు స్థలములు కనబడును. ఒకటి అసలైన లంక. రెండవది అచ్చటికి సుమారు ఒక మైలు దూరమున, నది యొడ్డుననే, 1957లో వర్జీనియా రాష్ట్రము ఏర్పఱచిన చారిత్రక వనము. ఊరు పుట్టి 350 సంవత్సరములు నిండిన సందర్భమున దానిని కట్టిరి. మొదటిచోట నేల నిజమైనది. దానిపైనుండిన ఊరు పోయినది. రెండవచోట ఊరు కన్నులయెదుట నిలిచియున్నది. కాని అది మన కాలమున కట్టినది. ఒక దానిలో లేనిది రెండవదానిలో కలదు. రెంటిని చూచినగాని ఆనాటి మనుష్యులు ఎట్లు బ్రతికిరో, ఎట్లు చచ్చిరో బోధపడదు.

ఎక్కడి వర్జీనియా, ఎక్కడి తెలుగుదేశము అని శ్రోతలు అనుకొనవచ్చును. కాని ఈ రెండు తీరములకు ఆనాడే ఒక ముడి పడినది. ఈ ఊరిని కట్టించినది లండను నగరపు వర్తకుల సంఘమగు వర్జీనియా కంపెనీ. కొన్ని సంవత్సరములపాటు దానికి కోశాధికారియై నడపిన సర్ థామస్ స్మిత్ అను వర్తకుడే ఈస్టిండియా కంపెనీకిని గవర్నరు. జేమ్సుటౌను పుట్టిన నాలుగేండ్లకు, 1611లో, ఈస్టిండియా కంపెనీ పంపిన ‘గ్లోబు’ అను ఓడ మన తీరమునకు వచ్చెను. మచిలీపట్టణమున ఇంగ్లీషువారి వర్తకశాల వెలసెను. అప్పుడు గోలకొండ సింహాసనముపై ముహమ్మదు కులీ కుతుబ్ షా ఉండెను. వలసవారిని జేమ్సుటౌనుకు చేర్చిన ఓడల నాయకుడు కప్తాను క్రిస్టఫర్ న్యూపోర్టు సయితము తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువున చేరెను. 1615లో జహంగీరు చక్రవర్తి కడకు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో అతని ఓడపైననే సూరతు రేవునకు చేరెను. 1617లో న్యూపోర్టు జావా దీవిలోని బాంటము రేవున మరణించెను.

ఒకే నగరపు వర్తకులు. తూర్పున సుల్తానుల అనుమతికై విన్నపములు చేసికొని గిడ్డంగి పెట్టుకొనిరి. పడమట ఎవ్వరిని అడుగకయే కోట కట్టిరి. అడుగదగినవారు అచ్చట లేకపోలేదు. ఆ సంగతి చారిత్రక వనమున అడుగిడిన వెంటనే తెలియును. ఏలయన, ప్రదర్శనశాల దాటి ఆరుబయటికి వచ్చిన యాత్రికునకు మొదట కనబడునది ఇంగ్లీషువారి కోట కాదు; అంతకు ఎంతో పూర్వమునుండి ఆ నేలపై కాపురమున్న పౌహాటన్ ప్రజల పల్లె.

లేత చెట్ల కొయ్యలను రెండు వరుసలుగా పాతి, కొనలు వంచి కట్టి, పైన రెల్లుచాపలు కప్పిన ఇండ్లు అవి. మన గూడుబండి కప్పును పదింతలు పెద్దది చేసి నేలపై దింపినట్లుండును. లోపల నడుమ నిప్పు. దాని పొగ పోవుటకు కప్పులో కంత. గోడల పొడవున మంచెలవంటి పడకలు, వానిపై చాపలు, తోళ్లు. ఎండకాలమున ప్రక్కచాపలు చుట్టి పైకి కట్టిన గాలి ధారాళముగా వచ్చును. ఈ ఇండ్లను కట్టువారు స్త్రీలు. పంట పండించువారును స్త్రీలే. పురుషులు వేటాడుదురు, చేపలు పట్టుదురు, యుద్ధము చేయుదురు. మొక్కజొన్నను, చిక్కుడును, గుమ్మడిజాతి పాదులను ఒకే చేనిలో కలిపి పెట్టుదురు. జొన్నకఱ్ఱ చిక్కుడుతీగకు పందిరియగును. గుమ్మడియాకు నేలను కప్పి తడి ఆఱకుండ కాపాడును.

పంట చాలని దినములలో వారు చిత్తడి నేలలనుండి ‘తకహో’ అను దుంపను త్రవ్వి తెచ్చెడివారు. అది మన చేమ, కంద మొదలగువాని కుటుంబమునకు చెందినదే. పచ్చిది నోట పెట్టిన మంట పుట్టించును. చాలసేపు కాల్చి, వండి, దురద పోగొట్టినగాని తినుటకు పనికిరాదు. పెద్ద మ్రాను తొలిచి దోనె చేయు విధమును అచ్చట చూపుదురు. మ్రానుపై నిప్పు పెట్టి, కాలిన భాగమును ఆల్చిప్పలతో గోకి, మరల నిప్పు పెట్టి, మరల గోకుదురు. ఇనుప పనిముట్టు ఒక్కటియు లేకయే దోనె తయారగును. లేడితోలును ఎముకతో గీకి, జంతువుల మెదడుతో పదనుపెట్టి మెత్తన చేయుదురు. ఈ పనులను వనమునందలి ఉద్యోగులు చూపఱులయెదుట నిజముగా చేయుచుందురు. అడిగినవారికి ఓపికతో వివరింతురు. ఈ పల్లె కేవలము ఊహతో కట్టినది కాదు. ఆ దాపుననే వసించిన పస్పహే అను తెగవారి ఊరి స్థలమున జరిగిన త్రవ్వకములను ఆధారము చేసికొని దీనిని కట్టిరి. అట్టి తెగలు సుమారు ముప్పది ఒకే అధినాయకునకు లోబడి కప్పము చెల్లించెడివి. అతని పేరు వహున్‌సెనకా. ఇంగ్లీషువారు అతనిని పౌహాటన్ అని పిలిచిరి.

పల్లెనుండి నది వైపు దిగిన రేవున మూడు ఓడలు కట్టియుండును. వాని పేర్లు ‘సుసాన్ కాన్‌స్టెంట్’, ‘గాడ్‌స్పీడ్’, ‘డిస్కవరీ’. ఇవి నాటి ఓడలకు ప్రతిరూపములు. మొదటిది 120 టన్నులు, రెండవది 40, మూడవది 20 టన్నులు మోయునట్టివి. 1606 డిసెంబరులో లండను విడిచిన ఈ ఓడలు 1607 ఏప్రిల్ నెల కడపట అమెరికా తీరము చేరినవి. నాలుగు నెలలకు పైబడిన ఆ ప్రయాణమున నావికులతో కలిపి 144 మంది ఈ మూటియందే సర్దుకొనిరి. ‘సుసాన్ కాన్‌స్టెంట్’ అట్టడుగు అంతస్తులోనికి నిచ్చెన దిగి చూచినవారికి ఇక వివరణ అక్కఱలేదు. తల వంచక నడువరాదు. పీపాలు, మోపులు, త్రాళ్లు పోగా మిగిలిన సందులలో మనుష్యులు పండుకొనవలెను. చరిత్రగ్రంథమున ఒక్క వాక్యమైన ప్రయాణము ఈ నిచ్చెన దిగువన నాలుగు నెలలై తోచును.

రేవునుండి మరల గట్టెక్కిన ఎదుట నిలుచునది మూడు మూలల కోట. లావైన కొయ్యదుంగలను ఒకదానిప్రక్క ఒకటి పాతిన ప్రాకారము; మూల మూలకు ఫిరంగులుంచిన బురుజు. అసలు కోటను 1607లో 19 దినములలో కట్టిరి. నది వైపు గోడ 420 అడుగులు, తక్కిన రెండు గోడలు ఒక్కొక్కటి 300 అడుగులు ఉండెనని ఆనాటి వలసవాసి విలియం స్ట్రేచీ వ్రాతలవలన తెలియుచున్నది. లోపల దేవాలయము, ధాన్యపుకొట్టు, అధికారి నివాసము, కావలివారి చావడి, ఇండ్లు కలవు. ఈ ఇండ్లను చూచిన తెలుగువానికి వింత తోచదు. గుంజలు పాతి, సన్నని కఱ్ఱలతో తడిక అల్లి, దానిపై మట్టి మెత్తి, పైన రెల్లు కప్పిన పూరిండ్లు అవి. లంకనేలలో త్రవ్వినప్పుడు బయటపడిన పునాదులనుబట్టి ఇంగ్లండులోని లింకన్‌షైరు ప్రాంతపు మట్టిండ్ల పద్ధతిని వారు ఇచ్చట అనుసరించిరని పండితులు గుర్తించిరి. మొదటివచ్చిన నలుగురు వడ్రంగులలో ఒకడు ఆ ప్రాంతపువాడే.

ఆ వడ్రంగుల సంఖ్య గమనింపదగినది. తొలి వలసవారి పట్టికలో సుమారు సగముమంది పెద్దయిండ్ల వారు, చేతిపని ఎఱుగనివారు. వడ్రంగులు నలుగురు, కమ్మరి ఒక్కడు, కుట్టుపనివాడు ఒక్కడు, మంగలి ఒక్కడు, డోలు వాయించువాడు ఒక్కడు. వ్యవసాయమునకే జీవితము అంకితము చేసిన కాపువాండ్ర జాబితా అందులో కనబడదు. స్త్రీ ఒక్కతెయు లేదు. 1608 చివరలో ఇద్దరు స్త్రీలు వచ్చిరి. వారిలో పనికత్తెయైన ఆన్ బరస్ అను చిన్నది జాన్ లేడన్ అను వలసవాసిని పెండ్లాడెను. ఆ కోటలో జరిగిన మొదటి పెండ్లి అదియే. బంగారము దొరకును, పసిఫిక్ సముద్రమునకు జలమార్గము దొరకును అని కంపెనీవారు తలచిరి. ఊరు నిలుచుటకు కావలసినది నాగలి యని వారికి తోచుటకు చాల ప్రాణములు పోవలసి వచ్చెను.

మొదట ప్రాణము తీసినది నీరు. లంకపై ఊట లేదు. నది నీటినే త్రాగిరి. వేసవిలో నది ప్రవాహము తగ్గగా సముద్రపు పోటు ఎగదన్ని నీరు ఉప్పెక్కును. కోటలోని మురికి సముద్రమునకు పోక అచ్చటనే తిరుగాడుచుండును. కృష్ణా గోదావరుల ముఖద్వారములందు నివసించు మనవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. గోధుమలను, యవలను ఆ నీటిలో ఉడికించిన గంజియే ఆహారము. రక్తవిరేచనములు, జ్వరములు వ్యాపించెను. సెప్టెంబరునాటికి సగముమంది పోయిరి. 1608 జనవరిలో న్యూపోర్టు మరల సామగ్రితో వచ్చునప్పటికి 38 మంది మాత్రమే సజీవులై యుండిరి. ఆ ముప్పదియెనిమిది మంది మిగులుటకు కారణము కోటగోడ కాదు, ఫిరంగి కాదు. ఆ ఆకురాలుకాలమున పౌహాటన్ ప్రజలు జొన్నలును, వేటమాంసమును తెచ్చి యిచ్చిరి. ఇంగ్లీషువారు బదులుగా రాగిరేకులు, గాజుపూసలు ఇచ్చిరి.

ఇరువురికిని ఎఱుకపడని విపత్తు ఇంకొకటి యుండెను. 1998లో శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు చిత్తడులలో పెరుగు ప్రాచీనమైన సైప్రసు వృక్షముల కాండములలోని వలయములను లెక్కించి పరిశీలించిరి. వానలు కురిసిన యేడు వలయము వెడల్పుగాను, వానలు లేనియేడు సన్నముగాను ఏర్పడును. 1606 మొదలు 1612 వఱకు గల ఏడేండ్ల కాలము అంతకు ముందువెనుకల 770 సంవత్సరములలో ఎన్నడు నెఱుగని అనావృష్టి యని ఆ వలయములు తెలిపినవి. ఇంగ్లీషువారు జొన్నలు కావలెనని అడిగిన కొలది ఆ స్త్రీల చేలలో జొన్నలు తఱిగిపోవుచుండెను. ఇచ్చుటకు లేనివానిని తుపాకి చూపి అడిగిరి. చుట్టఱికముగా మొదలైన బేరము దోపిడియై, దోపిడి యుద్ధమై పరిణమించినది.

1609–10 శీతకాలమునకు చరిత్రకారులు క్షామకాలమని పేరు పెట్టిరి. ఇంగ్లండునుండి సామగ్రితో బయలుదేరిన పెద్ద ఓడ ‘సీ వెంచర్’ గాలివానలో చిక్కి బెర్ముడా దీవులపైకి కొట్టుకొనిపోయెను. ఆహారము తక్కువగాను, నోళ్లు ఎక్కువగాను తక్కిన ఓడలు కోటకు చేరినవి. పౌహాటన్ యోధులు కోటను చుట్టుముట్టి, బయటికి వచ్చినవారిని బ్రతుకనీయలేదు. అప్పుడు కోటలో సుమారు 300 మంది ఉండిరి. వసంతము నాటికి సుమారు 60 మంది మిగిలిరి. గుఱ్ఱములను, కుక్కలను, పిల్లులను, ఎలుకలను, పాములను తినిరి. శవములను సయితము తినిరని ఆనాటివారు వ్రాసినదానిని పెక్కుమంది అతిశయోక్తిగా తలచుచుండిరి. 2012లో లంకపై పూడిన నేలమాళిగ నొకదానిని త్రవ్వుచుండగా, గుఱ్ఱముల, కుక్కల ఎముకల నడుమ పదునాలుగేండ్ల బాలిక తలయెముక దొరకినది. దానిపైని కత్తిగాట్లు ఆ వ్రాతలు నిజమని చెప్పినవి. ఆమె పేరు ఏ పట్టికయందును గుర్తింపబడలేదు. శాస్త్రజ్ఞులు ఆమెకు ‘జేన్’ అని పేరు పెట్టి, 2013లో ఆ సంగతి లోకమునకు వెల్లడించిరి.

1610 జూన్ నెలలో మిగిలినవారు కోట విడిచి ఓడలెక్కిరి. మఱునాడే కొత్త గవర్నరు లార్డ్ డెలవేర్ సామగ్రితోను, మనుష్యులతోను నదిలో ఎదురై వారిని వెనుకకు మరలించెను. ఒక్కదినము ఆలస్యమై యున్నచో జేమ్సుటౌను సయితము విఫలప్రయత్నముల వరుసలో చేరెడిదే. అయితే ఆ సంవత్సరము ఆగస్టులో జరిగిన సంగతి యిది: జార్జి పెర్సీ నాయకత్వమున ఇంగ్లీషు సైనికులు పస్పహే పల్లెపై పడి, ఇండ్లు కాల్చి, చేలలోని జొన్న నఱికిరి. నాయకుని భార్యను, పిల్లలను పట్టుకొని, పిల్లలను నదిలో పడవైచి కాల్చి చంపిరి. పిదప తల్లిని కూడ చంపిరి. ఇది శత్రువులు చెప్పిన కథ కాదు. పెర్సీ స్వయముగా వ్రాసిపెట్టినదే. వనమునందు మనము మొదట చూచిన ఆ రెల్లుచాపల ఇండ్లు ఏ తెగవారి ఇండ్లకు ప్రతిరూపములో, ఆ తెగ ఊరి గతి యిట్లయినది. అయినను ఆ జాతి అంతరింపలేదు. పమంకీ, మత్తపొనీ మొదలగు తెగలవారు నేటికిని వర్జీనియాలో నివసించుచున్నారు.

ఈ సంగతులు మనసున నిడుకొని వనమున తిరుగునప్పుడు ఒక సందేహము కలుగక మానదు. కొలిమి కడ కమ్మరి మేకు సాగగొట్టుచుండును. కుంపటిపై కూడు ఉడుకుచుండును. పిల్లలు ఇనుపటోపి తలపై పెట్టుకొని నవ్వుచుందురు. గంట కొట్టినట్లు నియమితవేళకు తుపాకి పేల్చి చూపుదురు. అంతయు శుభ్రముగా, ఎండలో మెఱయుచు ఉండును. ఆకలిని ఎట్లు ప్రదర్శింతురు? ఉప్పునీరు త్రాగి పడియున్నవాని మూలుగును ఎట్లు వినిపింతురు? నిత్యజీవితమును చూపు వనమునకు ఉన్న పరిమితి యిది: మేకు ఎట్లు చేసిరో చూపగలదు, మేకు చేయు చేతికి తిండి లేని దినమును చూపలేదు. అందుచేత ఈ వనమును చూచినవారు లంకకు తప్పక పోవలెనని మేము చెప్పుచున్నాము.

వనమునకు తన చరిత్ర కూడ కలదు. 1957లో ఉత్సవములకు ఎలిజబెత్ రాణి విచ్చేసెను. ఆనాడు వర్జీనియాలో నల్లవారి పిల్లలకును తెల్లవారి పిల్లలకును బడులు వేఱు. ఉత్సవమున పెద్దపీట వేసినది ఇంగ్లీషువారి సాహసమునకు. 2007లో 400 సంవత్సరముల ఉత్సవమునకు అదే రాణి మరల వచ్చునప్పటికి ప్రదర్శనశాల మాఱినది. పౌహాటన్ ప్రజలు, ఇంగ్లీషువారు, ఆఫ్రికావారు అను మూడు జాతుల కథను ప్రక్కప్రక్కన చెప్పునట్లు దానిని తిరిగి నిర్మించిరి. ఏబది యేండ్లలో మాఱినది పదునేడవ శతాబ్ది కాదు. దానిని చూచు కన్ను.

ఆఫ్రికావారు ఈ కథలోనికి వచ్చుటకు మూలము పొగాకు. జాన్ రాల్ఫ్ అను వలసవాసి దక్షిణదేశపు తీపిరకము పొగాకు విత్తనమును సంపాదించి, 1612 ప్రాంతమున ఇచ్చట నాటెను. 1614లో అతడు పౌహాటన్ అధినాయకుని కుమార్తె పోకహాంటస్‌ను వివాహమాడెను. ఆ పెండ్లితో కొంతకాలము శాంతి నెలకొనెను. పొగాకు లండనులో మంచి వెలకు అమ్ముడుపోయెను. వీధులలో సయితము పొగాకు నాటినంతటి వెఱ్ఱి పుట్టెను. బంగారము దొరకని నేలలో బంగారము దొరకినట్లయినది. గుంటూరు, ప్రకాశము, గోదావరి మండలముల రైతులకు ‘వర్జీనియా పొగాకు’ అను మాట ఇంటిమాటయే. దానికై కట్టిన బ్యారన్లు మన పొలములలో కనబడును. రాజమహేంద్రవరమున 1947లో పొగాకు పరిశోధన సంస్థయే వెలసెను. గొట్టములతో వేడి పంపి ఆకును ఆరబెట్టు పద్ధతి అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చినది. కాని ఆ మాటలోని ‘వర్జీనియా’ యను పేరు పొగాకుతో ముడిపడినది ఈ నది యొడ్డుననే.

పొగాకు నేలను త్వరగా పీల్చివేయును. చేతులు చాల కోరును. 1619 జూలై కడపట లంకపైని దేవాలయమున ప్రతినిధుల సభ మొదటిసారి కూడినది. అమెరికాలో ఇంగ్లీషువారి శాసనసభలకు అదియే ఆది. నెలదినములు తిరుగకమునుపే, ఆగస్టు చివరలో, ‘వైట్ లయన్’ అను ఓడ నదీముఖమునకు వచ్చి, ఇరువదికి పైచిలుకు ఆఫ్రికావారిని తిండిసామగ్రికి మాఱుగా ఇచ్చిపోయెను. వారిని అంగోలాలో పట్టి మెక్సికోకు కొనిపోవుచున్న పోర్చుగీసు ఓడనుండి ఆ ఓడవారు దోచి తెచ్చిరి. కొన్నాళ్లకు ‘ట్రెజరర్’ అను మఱియొక ఓడ వచ్చినది. 1625నాటి జనాభా పట్టికలో కప్తాను విలియం పియర్సు ఇంట ‘ట్రెజరర్’ ఓడపై వచ్చిన ఏంజెలా అను నల్లజాతి స్త్రీ యున్నదని ఒక్క పంక్తి కలదు. ఆ యింటి స్థలమును 2017నుండి త్రవ్వి పరిశీలించిరి. ఒకే ఊరిలో, ఒకే వేసవిలో, ఓటుకును దాస్యమునకును విత్తనము పడినది. ఈ రెంటిలో ఒకదానినే చెప్పుకొనిన కాలము చాల దీర్ఘమైనది.

ఆ పట్టికలలో మనకు సంబంధించిన పేరును ఒకటి కలదు. 1635నాటి భూమి పట్టాలో, వర్తకుడు జార్జి మెనిఫీ తాను రప్పించిన మనుష్యుల జాబితాలో, ‘టోనీ, ఈస్టిండియన్’ అను పేరు చేర్చెను. ఒక్కొక్క మనిషిని రప్పించినందుకు ఇన్ని యెకరములని కంపెనీకాలమునుండి నియమము. టోనీ అను ఆ తూర్పుదేశీయుని రాకకు వెల ఏబది యెకరములు. ఆ భూమి మాత్రము మెనిఫీకి చెందెను. ఇంగ్లీషు అమెరికా పత్రములలో భారతదేశపు తట్టునుండి వచ్చిన మనిషి జాడ కనబడు తొలి వ్రాతలలో అది యొకటి.

ఇక లంకకు పోవుదము. అచ్చట చూచుటకు ఇటుకలతో కట్టిన పదునేడవ శతాబ్దపు దేవాలయ గోపురము ఒక్కటి నిలిచియున్నది. 1699లో రాజధాని విలియమ్స్‌బర్గు పట్టణమునకు తరలిపోగా ఊరు పాడుపడి, పొలమై, మఱుగుపడినది. 1893లో చారిత్రక స్థలముల రక్షణ సంఘమొకటి దేవాలయము చుట్టును గల 22½ ఎకరములను సంపాదించి కాపాడినది. కాని మొదటి కోటను నది ఏనాడో కోసికొనిపోయినదని అందఱును నమ్మిరి. విలియం కెల్సో అను పురాతత్త్వవేత్త ఆ మాట నమ్మక, 1994లో దేవాలయము దాపున పార పట్టెను. అతనికి దొరకినది గోడ కాదు. నేలలో వరుసగా గుండ్రని నల్లమరకలు. పాతిన దుంగ పుచ్చిపోయినను, అది నిలిచిన గోతిలోని మన్ను చుట్టునున్న మన్నుకంటె నల్లగా మిగులును. ఆ మరకలను కలిపి చూడగా స్ట్రేచీ చెప్పిన కొలతకు సరిపడు మూడు మూలల కోట తేలినది. నది తినివేసినది ఒక మూల కొంత భాగము మాత్రమే. 1996లో ఆ సంగతి ప్రకటించిరి. అప్పటినుండి ఆ నేలలో దొరకిన వస్తువుల సంఖ్య నలుబది లక్షలు దాటినది: కవచముల ముక్కలు, రాగితునకలు, పూసలు, మందుసీసాలు, తిని పాఱవైచిన ఎముకలు, పిల్లల చెప్పులు.

ఈ నేలకు ఇప్పుడు ఆపద కలిగినది. సముద్రమట్టము హెచ్చుచున్నది, లంక తగ్గున నున్నది. గాలివానలకు, పెద్ద పోటులకు నీరు త్రవ్వకపు గోతులలోనికి వచ్చుచున్నది. భూగర్భజలము పైకి లేచి ఎముకలను, ఇనుమును తినుచున్నది. ఆ దేశపు చారిత్రక సంరక్షణ సంస్థ 2022లో ప్రకటించిన అత్యంత ప్రమాదస్థితిలోని పదునొకండు స్థలముల జాబితాలో జేమ్సుటౌనును చేర్చినది. ఒడ్డున రాళ్లు పేర్చి, గట్లు ఎత్తుచేయుచు పని సాగించుచున్నారు. ఇది విన్న తెలుగువారికి నాగార్జునకొండ గుర్తుకు రాక మానదు. అచ్చట మునుగు దినము ముందే తెలియును. 1954 నుండి 1960 వఱకు ఆ లోయను త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండపైకిని, అనుపు గట్టునకును తరలించిరి. జేమ్సుటౌనును అట్లు తరలింపరాదు. నేలలోని నల్లమరకను పెకలించి మఱియొకచోట పాతుట ఎట్లు? అచ్చట కోట యనగా ఆ మరకయే.

నీరు గెలిచిననాడు మిగులునది మైలు దూరమున మనకాలమున కట్టిన కోట. అప్పుడు ఆ ప్రతిరూపమునకు బాధ్యత పెరుగును. ఇప్పటివఱకు అది తప్పు చెప్పిన దిద్దుటకు నేల యున్నది. జేన్ తలయెముకయు, ఏంజెలా ఇంటి పునాదియు, పస్పహే పల్లె గుంజల జాడలును ఆ కథను ఇదివఱకు దిద్దినవి. నేల పోయిన తరువాత దిద్దువారు ఉండరు. కాబట్టి నీరు రాకమునుపే, అందిన ప్రతి గుప్పెడు మన్నును వారు జల్లెడపట్టి చూచుచున్నారు.

ఇంగ్లీషువారు మచిలీపట్టణమున దిగిన సంవత్సరము మన బడిపిల్లలకు తెలియును. ఆనాడు వారికి బట్ట నేసియిచ్చిన సాలెవాని మగ్గము ఏ గోతిలో అమరియుండెనో, అద్దకపువాని ఇంట రంగు ఉడికిన బాన ఎంత పెద్దదో, వారి స్త్రీలు ఏ చెఱువునుండి నీరు మోసిరో మనము ఇంకను చూపవలసియున్నది. వర్జీనియాలో ఒక దుంగ పాతిన గోతినుండి ఒక ఊరిని తిరిగి చదువగలిగిరి. మన తీరమున ఉప్పెనలు క్రొత్త కావు. 1864 ఉప్పెన బందరును ఎట్లు తుడిచిపెట్టెనో పెద్దలు చెప్పగా విన్నవారు మొన్నటివఱకు ఉండిరి. నేల యింకను పైనుండగానే దానిని అడిగి తెలిసికొనుట మంచిది.